1752 సెప్టెంబర్: ఆ పదకొండు రోజులు ఎక్కడికీ పోలేదు

లినక్స్ కంప్యూటర్ ఉన్నవాళ్లు టెర్మినల్ తెరిచి ‘cal 9 1752’ అని కొట్టి చూడండి. ఆ నెల క్యాలెండర్ వస్తుంది. మంగళవారం 1, బుధవారం 2, ఆ పక్క గడిలో గురువారం 14. మధ్యలో పదకొండు అంకెలు కనబడవు. ప్రోగ్రాంలో లోపమేమీ లేదు. బ్రిటన్‌లోనూ దాని వలసల్లోనూ ఆ ఏడాది సెప్టెంబర్‌కు ఉన్నవి 19 రోజులే.

ఈ సంగతి తెలిసినవాళ్లు వెంటనే ఇంకో మాట కూడా చెబుతారు. తమ ఆయుష్షులోంచి పదకొండు రోజులు ప్రభుత్వం కాజేసిందని జనం వీధుల్లోకి వచ్చారనీ, ‘మా పదకొండు రోజులు మాకిచ్చెయ్యండి’ అని అల్లర్లు చేశారనీ. వినడానికి బాగుంటుంది. పామర జనం, తెలివైన ప్రభువులు అనే పాత పాటకు సరిగ్గా సరిపోతుంది కూడా. చిక్కల్లా ఒక్కటే, అలాంటి అల్లర్లు జరిగినట్టు ఆనాటి ఆధారం ఒక్కటీ దొరకలేదు. జరిగింది వేరు. అది అర్థం కావాలంటే 1752లో ఒకేసారి విప్పిన మూడు వేర్వేరు ముళ్లను విడివిడిగా పట్టుకోవాలి. ఏడాది పొడవు ఒకటి, ఏడాది మొదలయ్యే రోజు రెండోది, కౌళ్లూ బాకీలూ వయసుల లెక్క మూడోది. వీటిని కలగాపులగం చేసేసరికి మంచి చరిత్రకారులు కూడా తారీఖుల్లో బోల్తాపడుతుంటారు.

పన్నెండు నిమిషాలు కూడా లేని తప్పు

రోమన్ల కాలం నుంచి యూరప్ వాడింది జూలియస్ సీజర్ పెట్టించిన క్యాలెండర్. నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం, మినహాయింపుల్లేవు. అంటే ఏడాది సగటున 365.25 రోజులు. రుతువుల ప్రకారం అసలు ఏడాది 365.2422 రోజులు. తేడా సుమారు 11 నిమిషాల 14 సెకన్లు. చూడ్డానికి ఎంతో కాదు గానీ, 128 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. క్రీ.శ. 325లో క్రైస్తవ మతపెద్దల నైసియా సభ జరిగేనాటికి వసంత విషువత్తు, అంటే రాత్రీ పగలూ సమానమయ్యే రోజు, మార్చి 21న ఉండేది. 1582 నాటికి అది మార్చి 11కి జారింది. ఈస్టర్ ఆ విషువత్తును పట్టుకుని లెక్కగట్టే పండుగ. అందుకే ఈ జారుడు చర్చికి తలనొప్పయింది. పొలం దున్నే రైతు దాన్ని పట్టించుకోలేదు.

(మనకూ ఇలాంటి జారుడు ఒకటుంది. సంక్రాంతిని మనం లెక్కగట్టేది నక్షత్రాలను బట్టి, రుతువులను బట్టి కాదు. ఆ ఏడాది కాస్త పొడుగు. కాబట్టి సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున పండుగ ముందుకు జరుగుతూ వస్తోంది. జనవరి 14 అనే మాట 15గా మారడం ఇప్పుడు మన కళ్లముందే జరుగుతోంది.)

13వ గ్రెగరీ పోపు చేసింది రెండు పనులు. ఒకటి, పేరుకుపోయిన పది రోజులను ఒక్క దెబ్బతో కోసేయడం: 1582 అక్టోబర్ 4 గురువారం, మర్నాడు అక్టోబర్ 15 శుక్రవారం. రెండు, తప్పు మళ్లీ పేరుకోకుండా లీపు సూత్రం బిగించడం. శతాబ్దపు ఏడాదిని 400తో భాగిస్తే శేషం మిగలకూడదు, అప్పుడే అది లీపు. 1600 లీపు, 1700 కాదు, 1800 కాదు, 1900 కాదు, 2000 లీపు. నాలుగు వందల ఏళ్లకు 100 లీపు సంవత్సరాల బదులు 97. ఈ లెక్క వెనక ఉన్నవాళ్లు ఇటలీ వైద్యుడు లూయిజీ లీలియో, జెసూట్ గణితవేత్త క్లావియస్.

స్పెయిన్, పోర్చుగల్, పోలండ్ వెంటనే మారాయి. ఫ్రాన్స్ అదే డిసెంబర్‌లో మారింది. ఇంగ్లండ్ మారలేదు. నిజానికి ఎలిజబెత్ రాణి కొలువు ఒప్పుకునే దారిలోనే ఉంది. 1583లో జాన్ డీ అనే గణితవేత్త లెక్కలు సరిచూసి, మార్పు సబబేనని నివేదిక ఇచ్చాడు. అడ్డుపడింది ఆర్చ్‌బిషప్ గ్రిండల్, ఆయన తోటి బిషప్పులు. పోపుతో తెగతెంపులు చేసుకున్న దేశం పోపు క్యాలెండర్ ఎలా వాడుతుందన్నది వాళ్ల అభ్యంతరం. లెక్క తప్పని ఎవరూ అనలేదు. లెక్క ఎవరిదన్నదే గొడవ. దానికి ఇంగ్లండ్ చెల్లించిన మూల్యం 170 ఏళ్లు సముద్రానికి ఆవల ఒక తారీఖు, ఈవల ఒక తారీఖు.

1688లో ఆరెంజ్ ప్రభువు విలియం హాలండ్‌లో ఓడ ఎక్కింది అక్కడి లెక్కలో నవంబర్ 11న. ఇంగ్లండ్‌లో టోర్‌బే ఒడ్డున దిగింది ఇక్కడి లెక్కలో నవంబర్ 5న. ఎక్కడానికి ఆరు రోజుల ముందే దిగాడన్నమాట!

ఈలోగా తేడా పది కాస్తా పదకొండు అయింది. ఎందుకంటే 1700 పాత పద్ధతిలో లీపు, కొత్త పద్ధతిలో కాదు. పాత పద్ధతి ఆ ఏడాది ఫిబ్రవరి 29ని లెక్కపెట్టింది, కొత్త పద్ధతి పెట్టలేదు. ‘పోపు కోసింది పది రోజులైతే ఇంగ్లండ్ పదకొండు ఎందుకు కోసింది’ అన్న ప్రశ్నకు ఇంతకు మించి జవాబు లేదు.

ఇంగ్లండ్ ఉగాది మార్చి 25

రెండో ముడి దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఇంగ్లండ్‌లో చట్టం దృష్టిలో కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు. మార్చి 25న, లేడీ డే నాడు మొదలయ్యేది. మేరీ మాతకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజది. అంటే 1715 మార్చి 24 మర్నాడు 1716 మార్చి 25. అదే లెక్కలో 1715 ఏప్రిల్ ముందు, 1715 ఫిబ్రవరి వెనక. ఉగాది లెక్క తెలిసిన మనకు ఇది మింగుడుపడనిదేమీ కాదు. 2024 సంక్రాంతి నాటికి పంచాంగంలో ఇంకా శోభకృతు నామ సంవత్సరమే నడుస్తోంది, ఏప్రిల్ 9న గానీ క్రోధి రాలేదు. అచ్చం అలాగే.

అయితే జనం నోట, పంచాంగాల లాంటి ఆల్మనాక్ పుస్తకాల్లో జనవరి 1కి కొత్త ఏడాది అనే వాడుకా ఉండేది. స్కాట్లండ్ అయితే 1600 నుంచే జనవరి 1కి మారిపోయింది, రోజుల లెక్క మాత్రం పాతదే ఉంచుకుంది. ఒకే రాజు కింద రెండు రాజ్యాలు, రెండు సంవత్సరాదులు. అందుకే జాగ్రత్తపరులు జనవరి 1కీ మార్చి 24కీ మధ్య తారీఖుల్లో రెండేళ్లూ వేసేవారు. మొదటి చార్లెస్ రాజు తల నరికింది ఆనాటి కాగితాల్లో 1648/9 జనవరి 30. మనం 1649 అంటాం. అదే రోజు పారిస్‌లో 1649 ఫిబ్రవరి 9.

1752లో క్యాలెండర్‌ను మార్చిన చట్టం ఈ ముడిని కూడా విప్పింది. 1751 మార్చి 25న మొదలై డిసెంబర్ 31తో ముగిసింది, అంటే 282 రోజుల ఏడాది. 1752 జనవరి 1న మొదలైంది. లీపు కాబట్టి 366, అందులో పదకొండు తీసేస్తే 355. వరుసగా రెండేళ్లు కురచ. కానీ జనానికి గుర్తున్నది సెప్టెంబర్ ఒక్కటే. జనవరి నుంచి మార్చి వరకు ఏడాది పేరు మారిందే గానీ రోజుల అంకెలేవీ ఎగిరిపోలేదు మరి.

సైన్సు ఒకరిది, పేరు ఒకరిది

బిల్లును ప్రభువుల సభలో పెట్టింది చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు. హాలండ్‌లో రాయబారిగా ఉండి, రెండు తారీఖుల ఉత్తరాలతో వేగినవాడు. ఖగోళ శాస్త్రం తనకేమీ తెలియదని కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు. సభ్యులకూ తెలియదు కాబట్టి లెక్కల జోలికి పోకుండా పాత క్యాలెండర్ల చరిత్ర కబుర్లు చెప్పి, గొంతు మెరుగుపెట్టి మెప్పించానని గుట్టు విప్పాడు. అసలు విషయం తెలిసి మాట్లాడింది మాక్లస్‌ఫీల్డ్ ప్రభువు. సొంత వేధశాల ఉన్న ఖగోళవేత్త. పట్టికలు లెక్కగట్టింది రాజ ఖగోళవేత్త జేమ్స్ బ్రాడ్లీ. పేరు మాత్రం చెస్టర్‌ఫీల్డ్‌కే వచ్చింది, అదీ ఆయనే రాసుకున్నాడు. సీనియర్ మంత్రి న్యూకాసిల్ ప్రభువు ‘నిద్రపోతున్న వ్యవహారాన్ని ఎందుకు లేపుతారు’ అన్న ధోరణిలో గునిసినా, 1751 మేలో బిల్లు చట్టమైంది. చట్టంలో ఎక్కడా పోపు పేరు రాకుండా చూశారు. ఈస్టర్ లెక్కకు వేరే దారిన పట్టికలు కట్టి, పోపు లెక్కకు వచ్చే తేదీనే రప్పించారు.

బాకీ, కౌలు, వయసు

నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చే భాగం ఎవరూ చదవని ఆరో సెక్షన్. పదకొండు అంకెలు తీసేయడం తేలిక. వాటికి తగులుకున్న డబ్బును ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో ఏడాదికి నాలుగు కిస్తు రోజులు: మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25. కౌళ్లు, అద్దెలు, పాలేర్ల కుదుర్లు అన్నీ వీటికే ముడిపడి ఉండేవి. ఒక కౌలుదారు ఏడాదికోసారి సెప్టెంబర్ 29న కౌలు కట్టాలనుకోండి. 1751 సెప్టెంబర్ 29 నుంచి 1752 కొత్త సెప్టెంబర్ 29 వరకు రోజులు లెక్కపెడితే 355. మామూలుగా అయితే 366 రావాలి. పదకొండు రోజులు భూమి వాడుకోకుండానే కౌలు కట్టినట్టవుతుంది. అందుకే చట్టం ఒక సూత్రం పెట్టింది: అప్పటికే ఉన్న ఒప్పందాల్లో అంకెను చూడొద్దు, అసలు రోజును చూడండి. క్యాలెండర్ మారకపోయి ఉంటే ఆ గడువు ఏ పొద్దున వచ్చేదో ఆ పొద్దునే వస్తుంది. కాబట్టి ఆ కౌలు గడువు కొత్త లెక్కలో అక్టోబర్ 10.

వయసుకూ అదే సూత్రం. 1731 సెప్టెంబర్ 5న పుట్టినవాడు 21 ఏళ్లు నిండి ఆస్తి చేతికి తీసుకోవాల్సింది 1752 సెప్టెంబర్ 5న. ఆ తారీఖు అసలు రానేలేదు. చట్టం ప్రకారం అతనికి మైనారిటీ తీరింది సెప్టెంబర్ 16న, తాను పుట్టాక సరిగ్గా గడవాల్సినన్ని రోజులూ గడిచాకే. పని నేర్చుకునే కుర్రాళ్ల ఏడేళ్ల ఒప్పందం, పాలేరు ఏడాది కుదురు కూడా అంతే. అంకెను చూసి ముందుగా విడుదల లేదు, రోజులు నిండాల్సిందే. రోజుకూలీకి అసలు తేడాయే లేదు. పనిచేసిన రోజుకు డబ్బు వస్తుంది, బుధవారం తర్వాత గురువారం మామూలుగానే వచ్చింది.

తారీఖు పట్టి జరిగే సంతలకూ అసలు రోజే ప్రమాణం. పశువులు, పంటలు అంకెలు చూసి ఎదగవు కదా. కాబట్టి అలాంటి సంతలు కొత్త క్యాలెండర్‌లో పదకొండు రోజుల తర్వాతి అంకెకు జరిగాయి. ఉమ్మడి బీళ్లలో మేత ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నదీ పాత రోజు ప్రకారమే. చర్చి పండుగలు మాత్రం కొత్త అంకెకు మారాయి. తంటా అక్కడే. ఎన్నో ఊళ్లలో సంతా సాధువు పండుగా ఒకే నాడు జరిగేవి. ఒకదాన్ని అసలు రోజుకు, రెండోదాన్ని అంకెకు కట్టేసరికి రెండింటి మధ్యా పదకొండు రోజుల ఎడం వచ్చింది. మన తిరనాళ్లను, ఆ గుడి కల్యాణాన్ని రెండు వారాల తేడాతో జరపమంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. లండన్ లార్డ్ మేయర్ ఊరేగింపు కూడా అక్టోబర్ 29 నుంచి నవంబర్ 9కి జరిగి, ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా అక్కడే ఉండిపోయింది.

ముళ్లచెట్టు తీర్పు

మరి జనం గొణగలేదా? గొణిగారు, ఆయుష్షు గురించి కాదు, క్రిస్మస్ గురించి. కొత్త లెక్కలో మొదటి క్రిస్మస్ 1752 డిసెంబర్ 25. పాత లెక్కలో అది 1753 జనవరి 5న రావాలి. దేవుడు ఏది ఒప్పుకుంటాడు?

గ్లాస్టన్‌బరీలో క్రిస్మస్‌కు పూసే ముళ్లచెట్టు ఒకటుంది. ఏసు శవాన్ని సమాధి చేసిన అరిమతయి జోసెఫ్ నాటిన కర్ర చిగిర్చి ఆ చెట్టయిందని నమ్మకం. బకింగ్‌హామ్‌షైర్‌లోని క్వెయింటన్ అనే ఊళ్లో దాని అంటు అని చెప్పుకునే చెట్టు ఉండేది. 1752 డిసెంబర్ 24 రాత్రి రెండు వేలకు పైగా జనం లాంతర్లు, కొవ్వొత్తులు పట్టుకుని ఆ చెట్టు దగ్గరికి వచ్చారని ఆనాటి జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ రాసింది. మొగ్గ కూడా లేదు. ఇంకేం, ఇది అసలు క్రిస్మస్ కాదని తేల్చేసి మర్నాడు చర్చికి వెళ్లడం మానేశారు. చుట్టుపక్కల పాదిరీలు జనాన్ని చల్లార్చడానికి పాత క్రిస్మస్‌ను కూడా ఎప్పటిలా పాటిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. గ్లాస్టన్‌బరీ చెట్టు జనవరి 5న పూసిందని అదే పత్రిక వార్త. ఆ రాసినవాడి చమత్కారం ఒకటి గమనించాలి. ఆ క్వెయింటన్ చెట్టు గ్లాస్టన్‌బరీ అంటు అన్న సంగతి ఊరివాళ్లకు ‘ఈ ఏడాదే’ గుర్తొచ్చిందట.

ఇది అల్లరి కాదు. ఒక్క రాయి పడలేదు. నమ్మకమే తమకు ప్రమాణమనుకున్నవాళ్లు ప్రయోగం చేసి చూసుకున్నారు, అంతే.

ఇక ఆ ‘పదకొండు రోజులు’ నినాదం ఎక్కడిది? విలియం హోగార్త్ 1755 ప్రాంతంలో గీసిన ఎన్నికల బొమ్మల్లో మొదటిది, ‘యాన్ ఎలక్షన్ ఎంటర్‌టైన్‌మెంట్’. ఇప్పుడు లండన్‌లోని సోన్ మ్యూజియంలో ఉంది. విగ్ పార్టీ అభ్యర్థులు ఒక సత్రంలో ఓటర్లకు విందు ఇస్తుంటారు. తాగుడు, తిండి, తోపులాట. కింద నేల మీద, తలకు దెబ్బ తగిలిన ఒక దుడ్డుకర్ర మనిషి కాలి దగ్గర, బయట ప్రత్యర్థి టోరీ పార్టీ ఊరేగింపు నుంచి లాక్కొచ్చిన ప్లకార్డు పడి ఉంటుంది. ‘మా పదకొండు రోజులు మాకివ్వండి’ అని దాని మీద.

హోగార్త్ ఎగతాళి చేస్తున్నది 1754 ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఎన్నికను. అక్కడ విగ్ అభ్యర్థుల్లో ఒకడు పార్కర్ ప్రభువు. ఎవరతను? క్యాలెండర్ బిల్లు మోసిన మాక్లస్‌ఫీల్డ్ కొడుకు. తండ్రి చేసిన చట్టాన్ని కొడుకు నెత్తిన రుద్దడం ఎన్నికల్లో మనకు కొత్తేమీ కాదు. అదే కాలంలో యూదులకు పౌరసత్వ హక్కుల చట్టం మీదా గొడవ నడుస్తోంది, రెంటినీ కలిపి తిట్టారు. అంటే అది ఎన్నికల నినాదం, దాని మీద ఒక చిత్రకారుడి వ్యంగ్యం. తర్వాతి శతాబ్దంలో చరిత్ర రాసినవాళ్లు ఆ వ్యంగ్యాన్ని వార్తాకథనంలా చదివారు. కార్టూన్ చూసి చరిత్ర రాస్తే ఇదే జరుగుతుంది.

ఏప్రిల్ 6 వెనక

ఈ మార్పు తాలూకు అవశేషం ఒకటి ఇప్పటికీ బ్రిటన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ల పే స్లిప్పుల మీద కనిపిస్తుంది. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5న ముగుస్తుంది. మార్చి 25కి పదకొండు కలిపితే ఏప్రిల్ 5. ఖజానా కూడా కౌలుదారు పాటించిన సూత్రమే పాటించింది: పూర్తి ఏడాది రోజులు నిండందే లెక్క ముగించకూడదు.

మరి 5 కాకుండా 6న మొదలవడమెందుకు? ఎక్కువగా వినిపించే కథ ఏమిటంటే, 1800లో పాత పద్ధతికి ఇంకో లీపు రోజు ఎక్కువ వచ్చింది కాబట్టి ఖజానా ఇంకో రోజు జరిపిందని. అదే నిజమైతే 1900లో కూడా జరపాలి, జరపలేదు. దానికి ఆ కథలో జవాబు లేదు. తేలికైన వివరణ ఇది: సంవత్సరాది మార్చి 25నే అయినా, ఖాతాల లెక్కలో కిస్తు రోజు అంటే పాత ఏడాదికి ఆఖరి రోజు. ఏప్రిల్ 5తో లెక్క ముగుస్తుంది, 6న కొత్త లెక్క మొదలు. 1854లో ప్రభుత్వ ఖాతాల ముగింపును మార్చి 31కి మార్చారు, ఆదాయపు పన్నును మాత్రం ముట్టుకోలేదు. మన ఏప్రిల్ 1 ఆర్థిక సంవత్సరం ఆ మార్చి 31 నుంచే వచ్చింది. 1866 వరకు బ్రిటిష్ ఇండియా ఖాతాలు మే 1న మొదలయ్యేవి. 1867లో లండన్ ఖాతాలతో జత కుదర్చడానికి ఏప్రిల్ 1కి తెచ్చారు.

స్వీడన్ తెలివితేటలు

బ్రిటన్ ఒక్క రాత్రిలో తెంచుకుంది గానీ, మెల్లగా మారితే నొప్పి ఉండదనుకున్న దేశం ఒకటుంది. స్వీడన్ 1700 నుంచి 1740 దాకా లీపు రోజులన్నీ ఎగ్గొట్టి, నలభై ఏళ్లలో పదకొండు రోజులు సర్దుకుందామనుకుంది. 1700లో ఫిబ్రవరి 29 ఎగ్గొట్టారు. ఆ తర్వాత రష్యాతో యుద్ధం ముంచుకొచ్చింది. 1704లో, 1708లో ఎగ్గొట్టడం మరిచిపోయారు. ఫలితంగా వాళ్ల తారీఖు ఇటు రష్యాతోనూ కలవదు, అటు ఫ్రాన్స్‌తోనూ కలవదు. 1709లో పోల్టావా దగ్గర స్వీడన్ చిత్తుగా ఓడిన రోజు రష్యాకు జూన్ 27, స్వీడన్‌కు జూన్ 28, మిగతా యూరప్‌కు జూలై 8. చివరికి విసిగి 1712లో పాత లెక్కకే తిరిగి వెళ్లారు. ఎగ్గొట్టిన ఒక రోజు తిరిగి చేర్చాలి కాబట్టి ఆ ఫిబ్రవరికి 30 రోజులు ఇచ్చారు. ఫిబ్రవరి 30 అనే తారీఖు స్వీడన్, ఫిన్లండ్ రికార్డుల్లో నిజంగానే ఉంది. 1753లో వాళ్లూ బుద్ధిగా ఒక్కసారే మారారు: ఫిబ్రవరి 17, ఆ మర్నాడు మార్చి 1.

పాత తారీఖు చదవడం ఎలా

1752కు ముందు ఇంగ్లిషు కాగితం చేతికొస్తే మొదట అడగాల్సింది తారీఖు ఎంతని కాదు, రాసింది ఎవరని. మద్రాసు కోటలో కంపెనీ గుమాస్తా రాస్తే పాత పద్ధతి. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు రాస్తే కొత్త పద్ధతి. 1746లో ఫ్రెంచి నౌకాదళాధిపతి లా బూర్డనే మద్రాసును పట్టుకున్నది ఇంగ్లిషు లెక్కలో సెప్టెంబర్ 10, ఫ్రెంచి లెక్కలో సెప్టెంబర్ 21. ఆ తర్వాత ఆయన ఓడలను చితగ్గొట్టిన తుఫాను వచ్చింది ఇంగ్లిషు లెక్కలో అక్టోబర్ 2 రాత్రి, ఫ్రెంచి లెక్కలో అక్టోబర్ 13 రాత్రి. కోట లొంగిన తేదీని ఫ్రెంచి పుస్తకంలోంచి, తుఫాను తేదీని ఇంగ్లిషు పుస్తకంలోంచి తీసుకుంటే మధ్యలో పదకొండు రోజులే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఇరవై రెండు. బేరసారాలు అంత హడావుడిగా జరిగాయా అని ఒక సిద్ధాంతమే లేవదీయొచ్చు, లేని హడావుడి మీద. అదే సమయంలో పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నర్ డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లె తన డైరీలో తమిళ మాసాల తేదీలు వేసుకుంటున్నాడు. ఒకే ఊరి చుట్టూ మూడు లెక్కలు.

రెండో పని నెల చూడటం. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు అయితే ఏడాదికి ఒకటి కలపాలి. ఇంగ్లిషు చర్చి పుస్తకంలో 1720 మేలో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్టిజం అని కనిపిస్తే నోరు నొక్కుకోనక్కర్లేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721ది, తొమ్మిది నెలలు చక్కగా నిండాయి. ‘1699 ఫిబ్రవరి 29’ అని కనిపించినా రాసినవాడు పొరబడ్డాడనుకోవద్దు. అది మన 1700, పాత పద్ధతిలో లీపు.

మూడోది రోజులు కలపడం. 1700 ఫిబ్రవరి 28 వరకు పది, అప్పట్నుంచి 1752 సెప్టెంబర్ 2 వరకు పదకొండు. పాత పద్ధతిలోనే ఉండిపోయిన దేశాలకు 1800 ఫిబ్రవరి తర్వాత పన్నెండు, 1900 ఫిబ్రవరి తర్వాత పదమూడు. రష్యా అక్టోబర్ విప్లవం నవంబర్ 7న జరగడం అందుకే.

ఆఖరిది వారం. ఏ దేశం ఎన్ని రోజులు కోసినా వారాల వరుస తెగలేదు. అదే మన గీటురాయి. కాగితంలో ‘1746 సెప్టెంబర్ 10, బుధవారం’ అని ఉంటే పాత పద్ధతి. ‘సెప్టెంబర్ 10, శనివారం’ అని ఉంటే కొత్తది. చేతిలో ఉన్న కాగితం ఎవరు రాసిందో తెలియనప్పుడు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

నెల పేర్లలో ఓ చిన్న ఉచ్చు ఉంది. ‘7’ అంకె వేసి పక్కన పొట్టి అక్షరాలు ఉంటే అది జూలై కాదు, లాటిన్‌లో ఏడును చెప్పే సెప్టెంబర్. 8 అక్టోబర్, 9 నవంబర్, 10 డిసెంబర్. క్వేకర్ మతస్తులు అన్యదేవతల పేర్లు పలకడం ఇష్టంలేక ‘మూడో నెల’ అని రాసేవారు. 1752కు ముందు అది మార్చి కాదు, మే. వాళ్ల మొదటి నెల మార్చి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు మాత్రం సరిచేసినదాన్ని మళ్లీ సరిచేయడం. బ్రిటిష్ చరిత్రకారుల వాడుక ఏమిటంటే, ఏడాదిని జనవరి 1కి సర్దుతారు, రోజును మాత్రం పాత అంకెలోనే ఉంచుతారు. ఆ సంగతి తెలియకుండా ఆధునిక పుస్తకంలో కనిపించిన 1649ని ఇంకొకటి పెంచితే 1650లో తేలతాం. మన దగ్గరే చూడండి. దామెర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీకి మద్రాసు స్థలం రాసిచ్చిన రోజుగా 1639 ఆగస్టు 22ను ఏటా జరుపుకుంటున్నారు. ఆ తేదీ మీద వాదాలున్నాయి, అసలు కాగితంలో జూలై అని ఉందని. కానీ ఆగస్టు అనే ఒప్పుకున్నా అది కంపెనీ పాత పద్ధతి అంకె. ఇప్పటి క్యాలెండర్‌లో ఆ రోజు సెప్టెంబర్ 1. ఇక బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24కు ఈ బెడదేమీ లేదు. చట్టం యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికాల్లోని రాజు గారి ప్రాంతాలన్నిటికీ వర్తించింది. ఆపాటికి ఇంగ్లిషువాళ్ల తారీఖూ ఫ్రెంచివాళ్ల తారీఖూ ఒకటే.

ఇలాగే షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఒకే రోజు చనిపోయారనే మాట. ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23 చెబుతారు. సెర్వాంటెస్‌ను పాతిపెట్టిన తేదీ అది, స్పెయిన్ కొత్త లెక్కలో. షేక్‌స్పియర్ పోయిన తేదీ అది, ఇంగ్లండ్ పాత లెక్కలో. మధ్యలో పది రోజులున్నాయి. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్నదీ ఇదే బాపతు. గెలీలియో 1642 జనవరి 8, ఇటలీ లెక్క. న్యూటన్ 1642 డిసెంబర్ 25, ఇంగ్లండ్ లెక్క. ఇద్దరినీ ఒకే క్యాలెండర్‌లో పెడితే న్యూటన్ పుట్టినరోజు 1643 జనవరి 4.

పాత లెక్కను వదలని చోట్లు బ్రిటన్‌లో ఇంకా రెండు మూడున్నాయి. వేల్స్‌లోని గ్వైన్ లోయలో పాత కొత్త సంవత్సరాన్ని జనవరి 13న జరుపుకుంటారు. పిల్లలు ఇంటింటికీ పాడుతూ తిరుగుతారు. షెట్లండ్ దీవుల్లో ఫౌలా అనే చిన్న దీవిలో క్రిస్మస్ జనవరి 6. జనవరి 1కీ 13కీ, డిసెంబర్ 25కీ జనవరి 6కీ మధ్య తేడా లెక్కపెడితే పన్నెండు. 1752 నాటిది పదకొండు, ఇప్పటిది పదమూడు. అంటే వాళ్లు 1800లో ఒక రోజు జరిపారు, 1900లో జరపడం మానేశారు.